గురక ఆగినప్పుడు లెక్కపెట్టు

వెస్ట్ మాంబళం,
చెన్నై.

బుజ్జీ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, ఇక నా వల్ల కాదు, హాల్లో సోఫా మీద పడుకుంటున్నా" అని నవ్వుతూనే చెప్పావు. నాకు నవ్వు రాలేదు. మీ పెదనాన్న గురక భరించలేక నేనూ మూడేళ్ళు హాల్లో పడుకున్నదాన్నే. ఆ మూడేళ్ళూ లోపల గదిలో ఆయనకేం జరుగుతోందో చూసే మనిషి లేకుండా పోయింది. ఇది ఫోన్లో తేలే విషయం కాదని కాగితం తీశాను. అల్లుడికి చూపించాలో వద్దో చివరిదాకా చదివి నువ్వే చూసుకో.

అసలు చిక్కు మన మాటల్లోనే ఉందే. ఎవరైనా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే "గుర్రుపెట్టి పడుకున్నాడు" అంటాం. వింటే, ఎంత అదృష్టవంతుడో అనిపిస్తుంది. మా అత్తగారైతే "మా ఇంట్లో మగాళ్ళందరికీ గురకేనమ్మా" అని ఆస్తిపాస్తుల గురించి చెప్పినంత గర్వంగా చెప్పేవారు. ఆ మగాళ్ళలో అరవై దాటినవాళ్ళు ఎందరో ఆవిడ ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. పోనీలే, పోయినవాళ్ళ మాట ఎందుకు.

ఈ రాత్రికి నువ్వు గదిలోనే పడుకో. గురక ఎంత గట్టిగా ఉందన్నది వదిలెయ్. మధ్యలో అది ఆగుతుంది చూడు, అప్పుడు చెవి పెట్టు.

మీ పెదనాన్నకి ఎలా ఉండేదో చెప్తాను. వెల్లకిలా పడుకున్న కాసేపటికి రంపం కోత మొదలయ్యేది. ఉన్నట్టుండి ఠక్కున ఆగిపోయేది. హమ్మయ్య అనుకునేదాన్ని. కానీ పొట్ట, ఛాతీ ఎగిరెగిరి పడుతూనే ఉండేవి, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగిలేది కాదు. గోడ గడియారం టిక్కుటిక్కుల్ని బట్టి లెక్కపెట్టేదాన్ని. ఒక రాత్రి ఇరవై తొమ్మిది దాకా వెళ్ళింది. నా చెయ్యి ఆయన భుజం మీదికి వెళ్ళేలోపే, బావిలో మునిగి పైకి తేలినవాడిలా ఒక్క పెద్ద గుక్క పీల్చి, కాళ్ళు విదిలించి, మళ్ళీ రంపం అందుకున్నారు. పొద్దున్నే అడిగితే "బ్రహ్మాండంగా నిద్రపట్టింది" అన్నారు. నిజంగానే ఆయనకేమీ తెలియదు. ఈ జబ్బులో సాక్షి ఎప్పుడూ పక్కన పడుకున్న మనిషే.

దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. కొబ్బరిబొండంలో కాగితం స్ట్రా నానిపోయాక గట్టిగా పీల్చినకొద్దీ అతుక్కుపోతుంది కదా, అచ్చం అలాగే. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు కంగారుపడి మనిషిని తట్టిలేపుతుంది. ఆ మెలకువ ఎంత చిన్నదంటే పొద్దున్నకి గుర్తే ఉండదు. అలా రాత్రంతా వందలసార్లు జరిగితే, ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా అది నిద్ర కింద లెక్క కాదు.

పగటిపూట కూడా దీని గుర్తులు కనిపిస్తాయి, మనమే వేరేవాటి మీదికి తోసేస్తాం. లేస్తూనే తలనొప్పి, నోరు పిడచకట్టడం, చిన్నదానికే కసురుకోవడం, మతిమరుపు. ఆయన రాత్రి మూడుసార్లు బాత్రూంకి లేచేవారు. షుగరేమో, ప్రోస్టేటేమో అని రెండేళ్ళు పరీక్షలు చేయించాం. మూసుకుపోయిన గొంతులోంచి బలవంతంగా గాలి లాగేటప్పుడు గుండె గదులు సాగుతాయట, ఒంట్లో నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని గుండె ఆ నీళ్ళు బయటికి పంపించెయ్యమని కిడ్నీలకి కబురు పెడుతుందట. ఇది విన్నాక ఆ రెండేళ్ళూ తల్చుకుని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకున్నా పైన నంబరు 160 నుంచి దిగేది కాదు. చివరికి ఒక డాక్టరమ్మ మాత్ర మార్చకుండా నా వైపు తిరిగి "కురట్టై విడువారా?" అని అడిగింది. గురక పెడతారా అని. అంతకుముందు చూసిన ఏ డాక్టరూ ఆ ప్రశ్న నన్ను అడగలేదు.

దానికి నెల ముందే పానగల్ పార్కు సిగ్నల్ దగ్గర ఆ పని జరిగింది. కారు ఆపారు, నేను పక్క సీట్లో కూరగాయల చీటీ చూసుకుంటున్నాను. పచ్చ లైటు పడింది, వెనకాల హారన్ల మోత, కారు కదలదు. చూస్తే స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి, గడ్డం గుండెలకి ఆనింది. ఆగిన కారులో కాబట్టి సరిపోయింది. మౌంట్ రోడ్డు మీద అరవైలో వెళ్తుండగా అయితే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

ఎప్‌వర్త్ స్కేలని ఎనిమిది ప్రశ్నల కాగితం ఒకటుంది. 1991లో ఆస్ట్రేలియాలో ముర్రే జాన్స్ అనే డాక్టరు తయారుచేశాడు. కూర్చుని చదువుతుంటే, టీవీ చూస్తుంటే, మధ్యాహ్నం భోంచేసి ఊరికే కూర్చుంటే, కారు ట్రాఫిక్‌లో కాసేపు ఆగితే, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంత ఉందో ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే ఆలోచించాల్సిందే. ఆయన తనకి తాను ఏడు వేసుకున్నారు. నేను వేస్తే పంతొమ్మిది వచ్చింది. అందుకే చెప్తున్నా, అల్లుడి కాగితం అల్లుడితో ఒకసారి, నువ్వు విడిగా ఒకసారి నింపండి. టైలరు టేపుతో మెడ చుట్టుకొలత కూడా చూడు. 40 సెంటీమీటర్లు దాటిందంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

మేము చేసిన తప్పులు కూడా రాస్తాను. ముక్కులో నెయ్యి చుక్కలు, పసుపు పాలు, ముక్కు మీద అంటించే పట్టీలు, ఆన్‌లైన్లో కొన్న గడ్డం బెల్టు, అన్నీ అయ్యాయి. వాటివల్ల డబ్బు తప్ప పెద్దగా పోయిందేమీ లేదు. నిజంగా తప్పు చేసింది నిద్రమాత్ర దగ్గర. మంచి నిద్ర ఉంటే అలసట పోతుందని ఎవరో రాసిచ్చారు, మేమూ వేశాం. గొంతు ఇంకా వదులైపోయి, ఆగిన ఊపిరి మళ్ళీ రావడానికి ఇంకా ఆలస్యమయ్యేది. మద్యం కూడా అంతే చేస్తుంది. అల్లుడు శనివారాలు స్నేహితులతో తాగి వస్తాడన్నావు, ఆ రాత్రి గురక ఎక్కువా కాదా నువ్వే చూడు. చూశాక అతనికీ వినిపించు, తిట్టకుండా.

చెప్పే పద్ధతి కూడా ఒకటుందే. "మీ గురకతో చస్తున్నా" అంటే మగాడికి పౌరుషం వస్తుంది, నలుగురిలో కుంభకర్ణుడని ఎగతాళి చేస్తే ఇంకా బిగుసుకుంటాడు. మీ అత్తగారి ముందు అసలే వద్దు. ఫోను దిండు పక్కన పెట్టి రికార్డు చెయ్యి, గురక ఆగి మళ్ళీ అందుకునే చోటు దొరికిందాకా చెయ్యి. కుదిరితే ఛాతీ కనపడేలా వీడియో తియ్యి. మీ పెదనాన్న ఎన్నేళ్ళు చెప్పినా నమ్మలేదు, తన ఊపిరి ఆగడం తన చెవులతో విన్నాక ఫోను కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆయనే డాక్టరు టైం అడిగారు.

ఊపిరితిత్తుల డాక్టరు గానీ, ఈఎన్‌టీ గానీ, నిద్ర సమస్యలు చూసే వాళ్ళెవరైనా సరే. ఆ రికార్డింగు వెంట తీసుకెళ్ళండి. పరీక్ష ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకుని చేయించుకోవచ్చు. తలకీ, కళ్ళ పక్కనా, గడ్డానికీ, కాళ్ళకీ వైర్లు, ఛాతీకి బెల్టు, ముక్కులో సన్న గొట్టం, వేలికి క్లిప్పు. ఆ రోజు తలకి నూనె రాయకూడదు, వైర్లు అంటుకోవు. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. ఇన్ని తీగల మధ్య నిద్రేం పడుతుందని భయపడతారు గానీ, నాలుగైదు గంటలు పట్టినా వాళ్ళకి కావాల్సింది దొరుకుతుంది. కొందరికి ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష సరిపోతుంది, ఏది చేయించాలో డాక్టరు చెప్తారు. థైరాయిడ్ కూడా చూడమని అడుగు.

రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె చూడు. గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా బాగా తగ్గింది అన్న లెక్క. పది సెకన్లకి తక్కువ ఆగితే అందులోకి రాదు. అయిదు లోపు మామూలు, పదిహేను దాకా కొద్దిపాటి, ముప్ఫై దాకా మధ్యస్థం, పైన తీవ్రం. మీ పెదనాన్నకి 41 వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 72 శాతానికి పడింది.

ఇక దీనికి వైద్యంగా ఇచ్చే సీప్యాప్ మిషన్. గాలిని కొద్ది ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది, ఆ గాలే గొంతు మూసుకుపోకుండా లోపలినుంచి నిలబెడుతుంది. సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు 1981లో దీని గురించి ప్రకటించాడు, మొదట్లో వాక్యూం క్లీనర్ మోటారు వాడారట. ఇప్పటివి టిఫిన్ డబ్బా అంత ఉంటాయి, చప్పుడు పెద్దగా ఉండదు. పరీక్ష లేకుండా మిషన్ అమ్ముతామనేవాళ్ళు తగులుతారు, మాకూ తగిలారు, వినొద్దు. ముందు ఒక నెల అద్దెకి తీసుకోండి.

మొదటి వారం నరకమే, దాచను. మూడో రాత్రి మాస్కు పీకి విసిరేశారు. మాకు కలిసొచ్చినవి చెప్తాను. పగలు టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకోవడం. ఒత్తిడి నెమ్మదిగా పెరిగే సెట్టింగు పెట్టించుకోవడం. మాస్కు సైజు మార్చుకోవడం, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆయన మీసాల సందుల్లోంచి గాలి బుస్సుమని పోయేది, నా నిద్ర మళ్ళీ పోయింది. మీసం తియ్యమంటే ఇంట్లో యుద్ధమే జరిగింది. చివరికి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కు దొరికింది, మీసం మిగిలింది. గాలికి తేమ పట్టించడానికి మిషన్‌కి ఉండే నీళ్ళ డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, కుళాయి నీళ్ళు పోస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది. ఏసీ గదిలో గొట్టం చల్లబడి లోపల నీళ్ళు చేరి గుడగుడమంటుంది. పాత నేత చీర చించి గొట్టానికి గలేబులా కుట్టాను, ఆ గోల తగ్గింది. మాస్కు రోజూ సబ్బునీళ్ళతో కడగాలి, మన మొహాల జిడ్డుకి లేకపోతే జారిపోతుంది.

ఇంకొక్కటి. తెల్లారుజామున మూడింటికి తీసేసి "సగం రాత్రి పెట్టుకున్నాగా" అనేవారు. కలల నిద్ర రాత్రి రెండో సగంలోనే ఎక్కువ, ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే. మిషన్ తన మెమరీలో గంటలన్నీ రాసుకుంటుంది, డాక్టరు దగ్గర అబద్ధం చెల్లదని చెప్పు.

కరెంటు సంగతి ముందే చూసుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి మాకు కరెంటు లేక, ఇన్వర్టరూ అయిపోయి, ఆయన రెండు రాత్రులు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పక్కకి తిరిగి పడుకున్నారు. వెల్లకిలా తిరిగినప్పుడల్లా తట్టడం నా డ్యూటీ. విమానంలో మిషన్ చేతిసామానులోనే ఉండాలి. ఏ ఆపరేషన్ అయినా మత్తు డాక్టరుకి ఈ విషయం ముందే చెప్పాలి.

బరువు తగ్గితే చాలామందికి బాగా తేడా వస్తుంది. కింది దవడని ముందుకి పట్టి ఉంచే క్లిప్పులు డెంటిస్టులు చేసిస్తారు, తక్కువ స్థాయిలో అవి చాలు. బరువు తగ్గించే ఇంజెక్షన్లలో ఒకదాన్ని 2024 చివర అమెరికాలో ఈ జబ్బుకి కూడా ఒప్పుకున్నారు, ఊబకాయం ఉన్నవాళ్ళకి. అవన్నీ డాక్టరుతో తేల్చుకోండి.

నీ నిద్ర సంగతి కూడా అడగాలి. ఆయనకి మిషన్ వచ్చి ఇల్లు నిశ్శబ్దమయ్యాక కూడా నాకు నిద్రపట్టేది కాదు. పడుకోగానే పిక్కల్లో చీమలు పాకినట్టు, లేచి తిరిగితే తప్ప తగ్గదు. వయసనుకున్నాను. రక్తపరీక్షలో ఐరన్ నిల్వలు అడుగంటాయని తేలింది, మాత్రలతో మూడు నెలల్లో సర్దుకుంది. ఆడవాళ్ళకీ ఆప్నియా వస్తుంది, ముట్లుడిగాక మరీను. మనకి గురక అంత ఉండకపోవచ్చు, అలసటగానో నిద్రపట్టకపోవడంగానో బయటపడుతుంది. మీ అమ్మ ఈమధ్య ఊరికే నీరసం అంటోంది, దాన్ని కూడా కాస్త కనిపెట్టు.

అల్లుడి అమెరికా షిఫ్టు గురించి నేను చెప్పగలిగింది తక్కువ. నిద్ర బాకీ పడితే ఊపిరి ఆగడం పెరుగుతుందని మాత్రం తెలుసు. పగలు పడుకున్నా గది చీకటిగా ఉండాలి, రోజూ ఒకటే వేళ అయితే మేలు, మిషన్ వస్తే పగటి నిద్రకి కూడా పెట్టుకోవాలి.

అన్నిటికన్నా నాకు టెన్షన్‌గా ఉన్నది, షిఫ్టు అయ్యాక తెల్లవారి నాలుగింటికి ఓఎంఆర్ రోడ్డు మీద తనే డ్రైవ్ చేసుకుంటూ వస్తాడన్నావు. పరీక్ష అయ్యేదాకా ఆఫీసు క్యాబ్ ఎక్కమను, నేనడిగానని చెప్పు. ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి, మీ పెదనాన్న తన మిషన్ విప్పి చూపిస్తానంటున్నారు. వచ్చేటప్పుడు కారు మాత్రం నువ్వే నడుపు.

మీ పెద్దమ్మ