మాత్రల సంగతి టీమ్ కాల్‌లో బయటపెట్టాడు

నాకు 29 ఏళ్లు. మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్లిలో పీజీలో ఉంటాను. పోయినేడాది డిప్రెషన్‌కి మందులు వాడుతూ మూడు వారాలు సెలవు పెట్టాను. హెచ్ఆర్ అడిగితే డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చాను. అది మా మేనేజర్‌కి ఎలా చేరిందో తెలీదు. 'ఇతన్ని తొందరపెట్టకండి, మాత్రల మీద నడుస్తున్నాడు' అని టీమ్ కాల్‌లో నవ్వుతూ అన్నాడు. తర్వాత ప్రాజెక్టు మార్చారు. ఇప్పుడు పీఐపీలో (పనితీరు మెరుగుపరుచుకోమని గడువిచ్చే ప్రక్రియ) పెట్టి, మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ ఏ మచ్చా లేకుండా ఇస్తామంటున్నారు. టీమ్‌లో మా ఊరి అబ్బాయి ఉన్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మందుల సంగతి అక్కకి ఒక్కదానికే తెలుసు. నిద్ర పట్టడం లేదు. రిజైన్ చేసి ఊరికి వెళ్లిపోనా?

వద్దు. ముందు ఆ రిజైన్ బటన్ జోలికి వెళ్లకండి.

ఉద్యోగం పోతుందన్న భయం మీకుంది, నిజమే. కానీ మీ నిద్ర చెడగొడుతున్నది ఊరి అబ్బాయి అని నాకనిపిస్తోంది. మారతహళ్లిలో ఒకరికి జలుబు చేస్తే సాయంత్రానికి ప్రొద్దుటూరులో తుమ్ముతారు. అతను చెప్పాడో లేదో మీకు తెలీదు. చెప్పి ఉంటాడేమోనని రోజూ చస్తూ బతుకుతున్నారు. ఆ అబ్బాయి నోరు మీరు మూయించలేరు. అతనికంటే ముందు మీరే ఇంట్లో చెప్పండి. అక్కని పక్కన పెట్టుకుని చెప్పండి. పెద్ద ఉపోద్ఘాతాలేం వద్దు. 'నాన్నా, పోయినేడాది మనసు బాగోలేక డాక్టర్ దగ్గరికి వెళ్లాను, మందులు వేసుకున్నాను' అంటే చాలు. అమ్మ ఏడుస్తుంది. ఎవరో దిష్టి పెట్టారని కూడా అనొచ్చు. అననివ్వండి. ఇక సంబంధాల సంగతి. బయోడేటాలో రాయక్కర్లేదు. కానీ అమ్మాయితో మాట కుదిరాక, నిశ్చితార్థానికి ముందే మీ నోటితో చెప్పండి. జబ్బుని క్షమించినవాళ్లు దాచడాన్ని క్షమించకపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇప్పుడు ఆఫీసు. మీ మేనేజర్ చేసింది తప్పు. సెలవు కోసం ఇచ్చిన కాగితం సెలవుకే వాడాలి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మీ బెంగళూరు మనిషే, కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరయ్యారు. అయితే ఆ హక్కు ముఖ్యంగా ప్రభుత్వం మీద పనిచేసేది, ప్రైవేటు కంపెనీని దాంతో నేరుగా నిలదీయడం కష్టం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ అది దశలవారీగా అమలవుతోంది.

మీకు ఇప్పుడు అక్కరకొచ్చేది పాత చట్టమే, 1961 నాటి కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం. మేనేజ్‌మెంట్ హోదాలో లేని ఉద్యోగి ఆరు నెలలు వరుసగా పనిచేశాక, సరైన కారణం లేకుండా తీసేయకూడదని దాని 39వ సెక్షన్ చెబుతుంది. విచారణలో దుష్ప్రవర్తన రుజువైతే తప్ప, కారణం ఉన్నా నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. తీసేస్తే అప్పీలు చేసుకోవచ్చు. కానీ మీ అంతట మీరే రాజీనామా ఇస్తే ఈ సెక్షన్ మిమ్మల్ని ఆదుకోదు. వాళ్లు అంత తీయగా రిజైన్ చెయ్యమనేది అందుకే!

హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. నా సర్టిఫికెట్ ఎవరెవరికి చూపించారు, ఎందుకు చూపించారు అని మర్యాదగా అడగండి. ఫోన్‌లో రిజైన్ చెయ్యమంటే, కాల్ అవగానే 'ఇవాళ మీరు ఇలా అన్నారు' అని మెయిల్ రాయండి. పీఐపీ కాగితం మీద సంతకం తప్పకపోతే 'అందింది' అని మాత్రం రాయండి, ఒప్పుకున్నట్టు రాయకండి. తేదీలు, అన్న మాటలు ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కోపంలో చాలామంది ఆఫీసు మెయిళ్లన్నీ సొంత జీమెయిల్‌కి పంపించుకుంటారు. ఆ పని అస్సలు చెయ్యకండి. క్లయింట్ డేటా బయటికి పంపాడని, తీసేయడానికి మీరే కారణం అందించినట్టవుతుంది. లోపల తేలకపోతే బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవన ఉంది, కార్మిక శాఖ ఆఫీసు. ఐటీ ఉద్యోగుల యూనియన్ కిటు కూడా ఉంది. ఒక్కరే వెళ్లడానికి జంకైతే వాళ్లతో మాట్లాడండి.

ఇంత చేసినా ఆ ఉద్యోగం నిలబడుతుందని నేను మాటివ్వలేను. వేరేచోట వెతుక్కోవడం ఇవాళే మొదలుపెట్టండి, దానికి సిగ్గుపడే పనేం లేదు. ఆఫర్ చేతికొచ్చాక రిజైన్ చేస్తే ఆ లెక్క వేరు.

మందులు మీ అంతట మీరు ఆపకండి. నిద్ర పట్టడం లేదని ఈ వారమే మీ డాక్టర్‌కి చెప్పండి. అర్ధరాత్రి మరీ తట్టుకోలేనట్టుంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలీ మానస్, తెలుగులోనూ మాట్లాడతారు.

శుక్రవారం రాత్రి బస్సుకి టికెట్ తీసుకోండి. అక్కని కూడా రమ్మనండి. ఆఫీసు లాప్‌టాప్ పీజీలోనే ఉండనివ్వండి.