హెల్ప్ సాఫ్ట్‌వేర్ కొనేముందు

అమ్మలూ,

నీ మెయిల్ చూశాను. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి హెల్ప్ పేజీలు రాయడానికి రోబోహెల్ప్ కొనాలా, ఫ్లేర్ కొనాలా, ఉచితంగా దొరికే స్ఫింక్స్ సరిపోతుందా అని అడిగావు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను: నీ రాత రేపు దాంట్లోంచి బయటికి వస్తుందా?

ఒకప్పుడు మేం వాడిన టూల్ ఫైళ్ళు దాంట్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకునేవి కావు. లైసెన్సు మానేసిన ఏడాది ఇద్దరం కూర్చుని పేజీ తర్వాత పేజీ కాపీ చేసుకున్నాం. పట్టికలన్నీ చెదిరిపోయాయి. అందుకే ఏది చూసినా ఒక పేజీ ఎక్స్‌పోర్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరువు. చదవడానికి వీలుగా ఉంటే సగం టెన్షన్ పోయినట్టే.

డెమో చూసి మురిసిపోకు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా చిక్కు పేజీ, ఆ జీఎస్టీ పేజీయే అనుకుంటా, దాన్ని పెట్టి చూడు. మూడో స్టెప్పు కింద స్క్రీన్‌షాట్ పెట్టగానే నాలుగోది మళ్ళీ ఒకటి అయిపోతుందేమో గమనించు. తర్వాత ఒక మెనూ పేరు మార్చు. నలభై పేజీల్లో వెతికి మార్చాలా, ఒక్కచోట మారిస్తే చాలా? ఫ్లేర్‌లో దీనికి వేరియబుల్ ఉంది, స్ఫింక్స్‌లో సబ్‌స్టిట్యూషన్ ఉంది. మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులు పెట్టి రాసే ఉత్త మార్క్‌డౌన్‌లో లేదు.

తెలుగు హెల్ప్ కూడా ఇస్తామన్నావు కదా, సెర్చ్ మరిచిపోకు. పేజీలో ‘బిల్లును రద్దు చేయడం’ అని ఉంటే, ‘బిల్లు’ అని కొట్టినవాళ్ళకి అది దొరకాలి. మన ప్రత్యయాలు మాటకి అతుక్కునే ఉంటాయి, చాలా సెర్చ్‌లు అక్కడే తడబడతాయి.

రోబోహెల్ప్ 1990ల నుంచీ ఉంది. నేను పని నేర్చుకున్నది దాంతోనే, కాబట్టి దాని మీద నా మాట నమ్మకు! నువ్వొక్కదానివే రాస్తావు, పక్కన డెవలపర్లు ఫైళ్ళలో ఎప్పుడేం మారిందో దాచిపెట్టే గిట్ వాడుతున్నారు. స్ఫింక్స్ పేజీలూ అందులోనే పెట్టుకోవచ్చు, కాబట్టి స్ఫింక్స్ చాలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ కోసమే పుట్టింది, 2008 నుంచీ నిలబడింది. సపోర్ట్ వాళ్ళు కూడా రాస్తారంటే మాత్రం ఆగు, వర్డ్‌కి అలవాటుపడినవాళ్ళ చేత గిట్ వాడించడం నీ వల్ల కాదు. అప్పుడు, లేదా మూడు ఎడిషన్లకి మూడు రకాల హెల్ప్, పైన ప్రింట్ మాన్యువల్ కూడా అడిగితే, ఫ్లేర్‌కి పెట్టే డబ్బు దండగ కాదు.

జీఎస్టీ పేజీ సిద్ధమయ్యాకే ట్రయల్ దించుకో. ముందే దించుకుంటే ఆ రోజులు మెనూలు చూడ్డానికే అయిపోతాయి.

నీ మావయ్య