మాటలు మరిచిన రాత్రి

ప్రశ్న: నాకు స్టేజీ మీద పాడటం ఇష్టం. కానీ చరణం మధ్యలో మాటలు మరిచిపోతానేమోనని ఒకటే టెన్షన్. జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ అలాగే మరిచిపోయి కూడా అవార్డు తెచ్చుకుందట, నిజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో కచేరీ. పాట ‘మ్యాక్ ద నైఫ్’. మాటలన్నీ గుర్తుంటాయనే ఆశిస్తున్నామని ఆవిడ ముందే జనానికి చెప్పింది. పాట మధ్యలో నిజంగానే మరిచిపోయింది. ఆ రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎల్లా ఆగదు. తర్వాతి చరణం ఏమిటో తెలియడం లేదన్న సంగతినే అదే వరుసలో, తాళం తప్పకుండా పాడేస్తుంది. అంతకుముందు ఆ పాట పాడిన బాబీ డారిన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ల పేర్లు చరణంలోకి లాక్కొస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు గొంతు అచ్చంగా దించేస్తుంది. మేమంతా కలిసి ఈ పాటను పాడుచేస్తున్నామని కూడా పాడుతుంది! ఆ పాటకు గ్రామీ వచ్చింది.

ఆ నిబ్బరం ఒక్క రాత్రిలో వచ్చింది కాదు. 1934 నవంబరులో, 17 ఏళ్ల వయసులో, న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో కొత్తవాళ్ల పోటీకి వెళ్లింది. తల్లి పోయి రెండేళ్లు, నిలకడగా ఉండే చోటు కూడా లేదు. వెళ్లింది డాన్స్ చేద్దామని. తీరా ఎడ్వర్డ్స్ సిస్టర్స్ డాన్స్ చూశాక కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పటికప్పుడు పాట ఎత్తుకుంది, మొదటి బహుమతి 25 డాలర్లు గెలిచింది.

మరుసటి ఏడాది డ్రమ్మర్ చిక్ వెబ్ బృందంలో చేరింది. సవాయ్ బాల్‌రూమ్‌లో జనం డాన్స్ చేస్తుంటే పాడాలి. అక్కడికి వచ్చేవాళ్లకు సాహిత్యం కన్నా లయ ముఖ్యం. నా దృష్టిలో ఆవిడకు అసలైన బడి అదే. 1940ల్లో ట్రంపెట్ వాయించే డిజ్జీ గిలెస్పీ బ్యాండుతో తిరుగుతూ, ట్రంపెట్ పలికే గమకాలను అర్థం లేని అక్షరాలతో గొంతులో పలికించింది. దాన్నే ‘స్క్యాట్’ అంటారు. బెర్లిన్‌లో మాటలు జారిపోయినప్పుడు ఆదుకున్నది ఈ సాధనే.

మీరూ పాట సాహిత్యం పక్కన పెట్టి, వరుసను ‘ల ల’ అంటూ చివరిదాకా పాడి చూడండి. ఎక్కడో ఒకచోట వరుస కూడా చేజారుతుంది. ముందు అక్కడ సాధన చెయ్యండి. మాటలు ఆ తర్వాత చూసుకోవచ్చు.