ఆడవాళ్లకు చిన్న అప్పులిస్తే పేదరికం తగ్గుతుందా?

"పేద దేశాల్లో ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చి వ్యాపారం పెట్టిస్తే ఆ ఇల్లు గట్టెక్కుతుందా?" అని అడిగారు. నేను ఒక చిన్న రుణాల సంస్థలో నాలుగేళ్లు వాయిదాలు వసూలు చేశాను. అప్పు ఒక్కటే సరిపోదని చూశాను. డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, మొదటి వాయిదా ఎప్పుడు కట్టాలి అన్నవాటి మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

ఒకావిడ కుట్టుమిషన్ కొంటానని అప్పు తీసుకున్నారు. సాయంత్రానికల్లా ఆ డబ్బు భర్త బండి మరమ్మతుకు వెళ్లిపోయింది. ఆవిడ వేరేవాళ్ల దగ్గర కూలికి కుట్టి, ఒక్క వారం తప్పకుండా వాయిదాలన్నీ కట్టారు. మా రిజిస్టర్‌లో ఆవిడ 'వ్యాపారి', వసూలు నూటికి నూరు. ఇంట్లో మాత్రం మిషన్ లేదు. ఆ రిజిస్టర్ రాసింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

శ్రీలంకలో చిన్న వ్యాపారులకు ఊరికే పెట్టుబడి ఇచ్చి చూస్తే మగవాళ్ల లాభాలు పెరిగాయి, ఆడవాళ్లవి సగటున పెరగలేదు. ఆడవాళ్లకు వ్యాపారం చేతకాదని దీన్నిబట్టి అనుకుంటే పొరపాటే. 2019లో వచ్చిన ఒక పరిశోధన భారత్, ఘనా, శ్రీలంక లెక్కలను ఇంటింటికీ విడదీసి చూసింది. ఇంట్లో వ్యాపారం చేసేది ఆవిడ ఒక్కరే అయినచోట లాభాలు బాగా పెరిగాయి. భర్తకూ వ్యాపారం ఉన్నచోట పెట్టుబడి అటు మళ్లింది. ఉగాండాలో అప్పును చేతికివ్వకుండా, ఆవిడ పేరు మీదే తెరిచిన మొబైల్ మనీ ఖాతాలో వేశారు. ఎనిమిది నెలల తర్వాత చూస్తే, నగదు తీసుకున్నవాళ్లకంటే వీళ్ల లాభం 15 శాతం ఎక్కువ. ఇంత చిన్న మార్పు మా సంస్థలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఇక వాయిదా సంగతి. మా దగ్గర అప్పిచ్చిన మరుసటి వారమే వసూలు మొదలు. దాంతో సరుకు అమ్ముడుపోయేదాకా ఆగే ధైర్యం ఎవరికుంటుంది? కొందరు అప్పులోనే కొంత వాయిదాలకని పక్కన పెట్టుకునేవారు. కోల్‌కతాలో కొందరికి రెండు నెలల గడువిచ్చి చూశారు. మూడేళ్లకు వాళ్ల లాభాలు మిగతావాళ్లకంటే ఎక్కువే. అయితే ఎగవేతలూ పెరిగాయి, కాబట్టి అప్పిచ్చేవాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను.

మరీ నిరుపేదలకు అప్పు సాయం కాదు, భారం. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో వేరే దారి పట్టింది: పశువులో, సరుకో ఉచితంగా ఇవ్వడం, కొన్నాళ్లు తిండి ఖర్చుకు డబ్బు, పనిలో శిక్షణ, ఇంటికొచ్చి పలకరించే మనిషి. ఇదే పద్ధతిని ఆరు దేశాల్లో 10,000కు పైగా కుటుంబాలతో పరీక్షించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా చాలాచోట్ల రాబడి నిలిచింది. హోండురాస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు జబ్బుతో చాలావరకు చచ్చిపోయాయి.

మీరే ఇలాంటి పని మొదలుపెట్టే ఆలోచనలో ఉంటే, అప్పిచ్చిన నెల రోజుల తర్వాత ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి. వాయిదా గురించి అడగొద్దు, కొన్న వస్తువు చూపించమనండి.