పరమార్థం ఉన్న మేనేజర్ కింద పని నిజంగా మారుతుందా? ఒక చిల్లింగ్ సెంటర్ గుమాస్తా అనుభవం

"నాయకుడికి ఒక పరమార్థం ఉండాలంటారు కదా, ఆఫీసుల్లో అది నిజంగా పనిచేస్తుందా, ఉత్త కబుర్లా?" అని అడిగారు. పనిచేస్తుంది. నేను కళ్లారా చూశాను.

ఊళ్ల నుంచి వచ్చే పాలను చల్లబరిచే చిల్లింగ్ సెంటర్లో చాలా ఏళ్లు గుమాస్తాగా చేశాను. ఒక మే నెల సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. జనరేటర్ మొండికేసింది. అప్పుడే రూట్ వ్యాన్లు అరవై క్యాన్లు దించి వెళ్లాయి, ఒక్కోటి నలభై లీటర్లు. ఎండాకాలంలో పాలు చల్లబరచకపోతే నాలుగైదు గంటలకే పుల్లబడతాయి. మావాడొకడు నెమ్మదిగా అన్నాడు: "వచ్చేటప్పటికే పులిసిపోయాయని రిజిస్టర్లో రాసేస్తే పోలా?" అలా రాస్తే నష్టం మాది కాదు. ఊళ్లలో పాలు పోసే రైతుల సొసైటీల పదిహేను రోజుల పాలబిల్లులో కోసేస్తారు.

మేనేజర్ గారు విన్నారు. "మూత తీసి వాసన చూసింది నువ్వేగదయ్యా, బాగున్నాయనేగా దించుకున్నావు" అన్నారు, అంతే. స్కూటరేసుకుని ఐసు ఫ్యాక్టరీకి పోయి, ఊక అంటుకున్న గడ్డలు ట్రాక్టర్లో వేయించుకొచ్చారు. క్యాన్లను నీళ్ల తొట్టిలో దించి చుట్టూ ఐసు పోశాం. తెల్లారేదాకా ప్లంజర్లతో, అంటే పొడవాటి కాడలతో, పాలు కలుపుతూనే ఉన్నాం, ఆయనతో సహా. ఐసు పాలల్లోనే వేద్దామన్నవాడికి మాత్రం గట్టిగా పడ్డాయి చీవాట్లు. అది నీళ్లు కలపడమేగా! చివరికి నాలుగు క్యాన్లు పోయాయి. ఆ నాలుగూ సెంటర్ నష్టం కిందే రాయించారు. పైనుంచి ఆయనకు మెమో వచ్చింది.

రెండు నెలలకు ఆయన సెలవులో ఉండగా మళ్లీ అదే పరిస్థితి. క్యాన్లు కడిగే అతను ఎవర్నీ అడక్కుండా ఐసు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. మీ ప్రశ్నకు నా జవాబు అతనే.

ఈమధ్య అందరూ "ప్యాషన్ ఉండాలి" అంటున్నారు. నాకు ఆ మాటంటేనే చిరాకు. అమూల్‌ను నిలబెట్టిన కురియన్ గారు 1949లో గుజరాత్‌లోని ఆనంద్ వెళ్లింది ఇష్టపడి కాదు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ బాండు ఉంది కాబట్టి. ఎప్పుడు వదిలించుకుందామా అని చూసిన మనిషి, అక్కడి పాల రైతుల సహకార యూనియన్ నాయకుడు త్రిభువన్‌దాస్ పటేల్ గారు ఆపితే ఆగారు. పైగా ఆయనకు పాలు తాగడమే ఇష్టం లేదు! పాలమీద ప్రేమ లేకపోతేనేం, ఎవరి కోసం పనిచేస్తున్నారో తెలుసు. 1946లో ఆ యూనియన్ పుట్టిందే దళారుల చేతిలో నలిగిన రైతుల కోసం.

మా సార్ బదిలీ అయ్యాక ఇంకొకాయన వచ్చారు. చెడ్డవాడేం కాదు, టార్గెట్ షీట్ల మనిషి. "రైతే మా దేవుడు" అని ఫ్లెక్సీ కట్టించారు. మమ్మల్ని పెద్ద హోటల్లో రెండు రోజుల ట్రైనింగ్‌కు పంపారు, అక్కడ డెయిరీ వాళ్లకు పాలపొడి టీ ఇచ్చారు, అది వేరే సంగతి. ఆ వేసవిలోనే మళ్లీ కరెంటు పోయింది. ఆయనకు ఫోన్ చేశాం, ఎత్తలేదు. ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చున్నాం. తెల్లారి "వచ్చేటప్పటికే పులుపు" అని రాసింది నేనే. ఒక సొసైటీ కార్యదర్శి వచ్చి "మా పాలు ఎప్పుడైనా అట్లా వచ్చినయ్యా సార్?" అని అడిగితే, ఆ ఫ్లెక్సీ కింద నిలబడే ఏదో చెప్పి పంపించాను.