ఒంటరి తేనెటీగలకు పేర్లు పెట్టే పని: బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఒంటరి తేనెటీగల్లో కొత్త జాతులను గుర్తించి వర్గీకరించే పనిలోకే వెళ్తానని పట్టుబట్టింది. లెక్కలంటే భయం కాబట్టి ఇదే నయమని కూడా అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ‘తేనెటీగల వర్గీకరణ నిపుణులు కావలెను’ అనే ప్రకటన కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. ఆ పేరుతో ఉద్యోగాలు ప్రపంచంలో ఎక్కడైనా తక్కువే. కానీ ఆ నేర్పు అవసరమయ్యే ఉద్యోగాలు వేరే పేర్లతో ఉన్నాయి. మ్యూజియంలో కీటకాల సేకరణలు చూసుకోవడం, యూనివర్సిటీలో బోధన, పంటల పరాగ సంపర్కంపై పరిశోధన, పర్యావరణ సర్వేలు, దిగుమతి సరుకులో వచ్చిన పురుగు ఏదో తేల్చే క్వారంటైన్ విభాగం, ఇలాంటివి. వీటిలో చాలావాటికి డిగ్రీ చాలదు. ఎంటమాలజీలో (కీటకశాస్త్రంలో) పీజీ కావాలి, పరిశోధన అయితే పీహెచ్‌డీ. అంటే తోటివాళ్లు సంపాదన మొదలుపెట్టిన కొన్నేళ్లకు గానీ ఆమె స్థిరపడదు. ఇంట్లో ముందు మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

ఇక పని విషయం. ఇంతవరకు పేరు పెట్టిన తేనెటీగ జాతులు 20 వేలు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం ఒంటరివే. వాటికి రాణి ఉండదు, కూలి ఈగలు ఉండవు. ఏ ఆడ ఈగకు ఆ ఈగే నేలలోనో బోలు కాడలోనో గూడు కట్టుకుంటుంది. పేరు లేనివి ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. ఎప్పుడో సేకరించి మ్యూజియం సొరుగుల్లో పెట్టిన వాటిలోనూ బయటపడుతుంటాయి. కాబట్టి కొత్త జాతి కంటపడటం మీ అమ్మాయి అనుకుంటున్నంత అరుదు కాదు. అది కొత్తదేనని నిరూపించడం దగ్గరే ఏళ్లు గడిచిపోతాయి.

రెక్కల ఈనెలు, ఒంటిమీది సన్నని గుంటలు, పుప్పొడి మోసే వెంట్రుకలు, మగ ఈగ జననాంగాల ఆకారం, ఇవన్నీ మైక్రోస్కోప్ కింద చూసి దగ్గరి జాతులన్నిటితో పోల్చాలి. చాలాసార్లు ఫొటోలు సరిపోవు. పాత పేరును ఏ నమూనాను బట్టి పెట్టారో దాన్నే చూడాల్సి వస్తుంది. హోలోటైప్ అంటారు దాన్ని. అది మరో ఖండంలోని మ్యూజియంలో ఉండొచ్చు, దాని వర్ణన నూరేళ్ల నాటి జర్మన్ వ్యాసంలో ఉండొచ్చు. జంతువుల శాస్త్రీయ పేర్ల లెక్క 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దగ్గర మొదలవుతుంది మరి.

మరో చిక్కు ఉంది. ఈగ ఆడదా మగదా అన్నది తేలిగ్గానే తెలుస్తుంది: సాధారణంగా ఆడదాని మీసంలో 12 కణుపులు, మగదానికి 13. ఏ మగ ఏ ఆడదాని జాతిదో చెప్పడమే కష్టం. రెండూ వేర్వేరుగా కనిపించడంతో ఒకే జాతికి రెండు పేర్లు పెట్టిన సందర్భాలు బోలెడు. అలాంటప్పుడు మామూలుగా ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. 2003 నుంచి ప్రచారంలోకి వచ్చిన డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (ఒక నిర్ణీత జన్యువు ముక్కను చదివి జాతిని పోల్చుకునే పద్ధతి) ఇక్కడ బాగా అక్కరకొస్తోంది. అయితే కొన్ని దగ్గరి జాతుల మధ్య ఆ జన్యువులో తేడా కనిపించదు. అందుకే ల్యాబ్ ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు, మైక్రోస్కోప్ ఒక్కటే అయినా సరిపోదు.

ఒక మాట మీ అమ్మాయిని సూటిగా అడగండి. నమూనా కావాలంటే ఈగను చంపి సూదికి గుచ్చాలి. అనుమతులు తీసుకుని, అవసరమైనన్నే పట్టినా సరే, చంపక తప్పదు. తేనెటీగల మీద ఇష్టంతో వచ్చినవాళ్లలో కొందరు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. అది తప్పేమీ కాదు, పీహెచ్‌డీ మధ్యలో తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మంచిది.

సెలవుల్లో ఏదైనా కీటకాల సేకరణలో సాయం చేసే అవకాశం అడగమనండి. తేనెటీగల్లో లాసియోగ్లాసమ్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఉంది. అందులో 1,700కు పైగా జాతులు, చాలావరకు చిన్నగా, ఒకదానిలాగే ఒకటి ఉంటాయి. ఈ రంగంలో తలపండినవాళ్లకు కూడా అవి తలనొప్పే. కొన్ని వారాలు అలాంటివాటిని వేరుచేసి, ఎక్కడ, ఎప్పుడు, ఏ పువ్వు మీద పట్టారో లేబుళ్లు రాశాక కూడా మర్నాడు ఉత్సాహంగా బయల్దేరితే, ఆమెను ఆపకండి. విసుగు పుడితే పరాగ సంపర్కం, పరిరక్షణ వైపు మళ్లొచ్చు, చదివిన జువాలజీ ఎక్కడికీ పోదు.

లెక్కల భయంతో ఇక్కడ దాక్కోవడం మాత్రం కుదరదు. కొలతల్లోని తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చేది స్టాటిస్టిక్సే. జాతుల వంశవృక్షం గీయడానికి కొంత ప్రోగ్రామింగ్ కూడా కావాలి. కాలేజీలో స్టాటిస్టిక్స్ తీసుకునే వీలుంటే వచ్చే సెమిస్టర్‌లోనే తీసుకోమనండి. సొంతంగా కొలిచిన ఈగల అంకెలతో మొదలుపెడితే ఆ సబ్జెక్టు అంత భయపెట్టదు.