బకెట్ బిర్యానీ నుంచి ఈమూ కూర దాకా: తిన్నవాడి అనుభవం

మీరు అడిగింది ఒకటే ప్రశ్నలా ఉంది కానీ అందులో రెండున్నాయి. బెజవాడలో ఈ బకెట్ బిర్యానీ, బొంగులో చికెన్, జైలు మండీ లాంటివి డబ్బు పెట్టి తినదగ్గవేనా అనేది మొదటిది. అసలు ఇంతింత మాంసం తినడం మంచిదేనా, మానేస్తే పోదా అనేది రెండోది. రెండింటికీ నా దగ్గర జవాబుంది. మొదటిది జేబు ఖర్చుతో నేర్చుకున్నాను, రెండోది కాలి బొటనవేలి ఖర్చుతో.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. అప్పట్లో గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. ఉద్యోగం, కాపురం విజయవాడ పటమటలో. ముక్క లేనిదే ముద్ద దిగని వంశం. అదేం పెద్ద ప్రత్యేకత కాదులెండి. 2014లో కేంద్రం చేయించిన నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులేనని తేలింది.

ముందు ట్రెండ్ల సంగతి. పదేళ్లుగా ఊళ్లోకి దిగిన వింతలు దాదాపు అన్నీ చూశాను. కుండ బిర్యానీ, బకెట్ బిర్యానీ, ఒకే పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినే మండీ. అది చాలదన్నట్టు ఊచల వెనక కూర్చోబెట్టి, ఖైదీ బట్టలేసుకున్న కుర్రాడితో వడ్డించే జైలు మండీ. డబ్బులిచ్చి మరీ జైల్లో కూర్చోవడం ఏమిట్రా అని మా నాన్న ఒకటే నవ్వు. ఇన్ని తిన్నాక నాకు తెలిసిందేమిటంటే, మారేది గిన్నె ఒక్కటే. లోపల ఉండేది అదే బాయిలర్ కోడి. నలభై రోజులకి రెండు కేజీలు దాటేస్తుంది. దాన్ని కుండలో పెట్టారో బకెట్లో పెట్టారో కళ్లు మూసుకుని తింటే నేనైతే చెప్పలేను.

బొంగులో చికెన్ మాత్రం అసలుది అసలే. ఒకసారి మారేడుమిల్లిలో తిన్నాను. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె లేదు, నీళ్లు లేవు. పచ్చి వెదురులో ఉన్న తడితోనే ముక్క ఉడుకుతుంది. బొంగు చీల్చగానే వచ్చే ఆ వాసన కోసమైనా ఘాట్ రోడ్డు ఎక్కొచ్చు. అదే మోజుతో ఇక్కడ హైవే పక్కన ఒక బండి దగ్గర ఆగాను. వాడు నా కళ్ల ముందే స్టీలు బేసిన్లోంచి అప్పటికే ఉడికిన కూర గరిటెతో తీసి, నల్లగా మాడిన పాత బొంగులో పోసి, రెండు నిమిషాలు మంట మీద తిప్పి, ఆకులో బోర్లించాడు. మూడొందల యాభై. వెదురుకు కాదు, నటనకు ఇచ్చాననుకున్నాను.

మండీకి మాత్రం పెద్ద చరిత్రే ఉంది. యెమెన్ వంట. నిజాం కాలంలో సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బుల వారసులు హైదరాబాద్ బార్కస్‌లో ఉంటారు, మండీకి ఇప్పటికీ ఆ పేటే పేరు. అసలు పద్ధతిలో నేలలో తవ్విన పొయ్యిలో అన్నం మీద మాంసం వేలాడదీస్తారు. మాంసంలోంచి కారిన రసం అన్నంలో దిగుతుంది. మన దగ్గర చాలాచోట్ల అన్నం వేరు, కోడి వేరు, ఆఖర్న పెళ్లి చేస్తారు. ఇంతకంటే మన ఉలవచారు బిర్యానీ నయం. ఎడ్ల కోసం ఉలవలు ఉడకబెట్టి, ఆ మిగిలిన నీళ్లు పారబోయలేక మరగకాచుకున్న చారు అది. ఇప్పుడు స్టార్ హోటల్లో వెన్న వేసి పెడుతున్నారు.

గిన్నె మారితే పోయేది మూడు నాలుగొందలు. జంతువే మారితే కొంపలు మునుగుతాయి. మా మేనమామ కొంప అలాగే మునిగింది.

2009లో మావయ్యకి మిరపలో బాగా మిగిలింది. ఆ కబురు గాలికి చేరుతుందో ఏమో, వారానికల్లా ఒక ఏజెంటు ఊళ్లోకి దిగాడు. ఈమూ పక్షులు పెంచండి సార్ అన్నాడు. కొవ్వులేని మాంసం, గుండె జబ్బోళ్లు కూడా తినొచ్చు. నూనె కీళ్ల నొప్పులకి, చర్మం బ్యాగులకి, ఈకలకి కూడా గిరాకీ. గుడ్లు మేమే వెనక్కి కొంటాం. మావయ్య ఆరు జతలు కొని, మిరప చేను చుట్టూ ఇనప కంచె వేయించాడు. ఆస్ట్రేలియా పక్షి, నిలబడితే మావయ్య ఎత్తు. గుడ్డు ముదురాకుపచ్చ రంగులో అరకేజీకి పైనే తూగేది. అడవిలో అయితే మగపక్షే దాదాపు ఎనిమిది వారాలు తిండి మానేసి గుడ్లు పొదుగుతుందట. ఇక్కడ ఆ అవకాశం ఇవ్వకుండా ఏజెంటు బుట్టలో పెట్టుకుపోయేవాడు. ఆడపక్షి రాత్రిపూట గొంతులోంచి డోలు కొట్టినట్టు చప్పుడు చేసేది. ఊరి అవతల జాతర జరుగుతోందేమో అనిపించేది. మా అమ్మమ్మకి నిద్ర పట్టేది కాదు.

రెండేళ్లు బాగానే నడిచింది. 2012లో తమిళనాడులో పెరుందురై దగ్గర ఒక పెద్ద ఈమూ సంస్థ మూతపడి రైతులు రోడ్డెక్కారు. ఇక్కడ ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. అప్పుడు గానీ మావయ్యకి లెక్క తెలియలేదు. ఈ వ్యాపారంలో డబ్బంతా ఈమూ పిల్లల్ని కొనే తరవాతి రైతు దగ్గర్నుంచే వస్తోంది. మాంసం తినేవాడు ఎక్కడా లేడు. వాళ్లూ వీళ్లూ గొప్పగా చెప్పుకోవడమే తప్ప, చిలకలూరిపేట సంతలో ఒక్కడు కూడా ఈమూ కూర అడిగిన పాపాన పోలేదు.

పోనీ మనమే తిందాం అనుకున్నాడు మావయ్య. ఆ సంక్రాంతికి నేనూ వెళ్లాను. ఊళ్లో మాంసం కొట్టే ఆయన వచ్చి చుట్టూ రెండుసార్లు తిరిగి, ‘మెడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలీట్లేదు బాబాయ్’ అన్నాడు. నలుగురం పట్టుకుంటే ఒకడి లుంగీ చీరేసింది. మాంసం చూస్తే ఎర్రగా, కోడి అన్న మాటకే పొంతన లేకుండా ఉంది. అమ్మమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ‘కోడైతే తెల్లగుండాలి కదరా అబ్బాయ్. నా పొయ్యి మీదకి రానివ్వను.’ దొడ్లో మూడు రాళ్లు పెట్టి వండాం. కొవ్వు లేదన్న ఏజెంటు ఆ ఒక్క మాటా నిజమే చెప్పాడు. కొవ్వు లేకపోవడంతో ఉడికేకొద్దీ ముక్క బిగుసుకుపోయింది. మూడు గంటలు ఉడికించాం. పుల్లలు అయిపోయాయి గానీ ముక్క మెత్తబడలేదు. గుంటూరు కారం ఎంత వేసినా పులుసుకి పట్టింది తప్ప ముక్కలోకి దిగలేదు. కార్జం ఒక్కటే బాగుంది.

మేత ఖర్చు భరించలేక మిగతావి వచ్చిన ధరకి వదిలించుకున్నాడు. ఎకరం పొలం అమ్మి అప్పు తీర్చాడు. ఒక్క పక్షి మాత్రం పోలేదు. మావయ్య చేలోకి వెళ్తే వెనకే నడిచేది, టీ కొట్టు దగ్గర ఆగితే ఆగేది. దాన్ని కోస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. నాటుకోడి పులుసు ఇప్పటికీ వంగి మరీ లాగించే మనిషి, ఆ పక్షి ముసలిదై చచ్చిపోతే వేపచెట్టు కింద గొయ్యి తీసి పూడ్చాడు. ఇందులో న్యాయం ఏముంది మావయ్యా, కోడికి లేని హక్కు దీనికెందుకు అని అడిగితే, ‘ఇది నన్ను ముంచలేదురా, వాడు ముంచాడు’ అన్నాడు. నా ప్రశ్నకు జవాబు కాదది. అయినా మళ్లీ అడగలేదు.

కడక్‌నాథ్ మోజు కూడా అలాంటిదే కానీ ఇంత నష్టం లేదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోలు, మాంసం, ఎముక కూడా నలుపే. రుచి నాటుకోడి రుచే, ధర మాత్రం దానికి మించి.

గాడిద మాంసం గురించి కూడా కామెంట్లలో ఎవరో అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. మన గుంటూరు, బాపట్ల, ప్రకాశం వైపు ఆదివారాలు దొంగచాటుగా అమ్ముతారన్నది నిజమే. ఉబ్బసం పోతుందని, మగతనం పెరుగుతుందని నమ్మకం. నా స్నేహితుడొకడు ఒక కవరు తెచ్చి ‘తిని చూడరా, పరిగెడతావు’ అన్నాడు. నేను తినలేదు. 2011 ఆహార భద్రత నిబంధనల్లో తినదగ్గ జంతువుల జాబితాలో గాడిద లేదు, అంటే తిండికోసం కోసి అమ్మడమే నేరం. పశుగణన లెక్క చూస్తే దేశంలో 2012లో 3.2 లక్షలున్న గాడిదలు 2019కి 1.2 లక్షలకి పడిపోయాయి. యంత్రాలు వచ్చి పని పోవడం ఒక కారణం, ఈ కోత ఇంకో కారణం. పైగా దాన్ని ఎక్కడ కోశారో, దానికి ఏ జబ్బుందో చూసిన పశువైద్యుడు ఉండడు. బలం కోసమే అయితే రెండు గుడ్లు తిను అన్నాను. వాడు ఇప్పటికీ నాకంటే నెమ్మదిగానే నడుస్తాడు.

ఇక నా బొటనవేలు.

2022లో ఒక వారాంతం. శనివారం రాత్రి ఆఫీసు వాళ్లతో మటన్ మండీ. ఆదివారం పొద్దున ఇడ్లీలోకి పాయా. మధ్యాహ్నం మా బావమరిది వచ్చాడని తలకాయ కూర, రొయ్యల వేపుడు. రాత్రికి మిగిలిన కార్జం వేపుడు, ఒక బీరు. తెల్లవారుజామున రెండింటికి కాలి బొటనవేలు ఎవరో రోట్లో పెట్టి దంచుతున్నట్టు అనిపించి లేచాను. ఎర్రగా, నున్నగా, వంకాయలా మెరుస్తోంది. ఫ్యాన్ గాలికి దుప్పటి అంచు కదిలి వేలికి తగిలితే కేక పెట్టాను. మా ఆవిడ తేలు కుట్టిందేమో అని మంచం కింద టార్చి వేసి వెతికింది.

రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 9.4. మగవాళ్లకి 7 దాటకూడదట. డాక్టరు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. మాంసంలో, ముఖ్యంగా కార్జం, తలకాయ లాంటి భాగాల్లో, రొయ్యల్లో ప్యూరిన్లు ఎక్కువ. అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. మూత్రపిండాలు బయటకి పంపలేనంత పోగైతే సూదుల్లాంటి స్ఫటికాలై కీలులో కూర్చుంటాయి. కాలి వేలు ఒంట్లో చల్లటి చోటు కాబట్టి తరచుగా ముందు అక్కడే. బీరు ఇంకా ఆజ్యం పోస్తుంది. తిన్న ప్రతివాడికీ రాదు, మా నాన్నకి ఉంది కాబట్టి నాకు సులువుగా వచ్చింది. మాటల్లో ఇంకోటి కూడా చెప్పాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చిందని, రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని. మా పిల్లలు పిజ్జా మీద వేయించుకునేవి అవే.

మాత్రలిచ్చాడు, ఇవన్నీ తగ్గించమన్నాడు. ఎవరు తగ్గిస్తారు? నెలలో మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ వచ్చింది. ఆ కార్తీకంలో మా బావమరిది భవానీ దీక్ష తీసుకుంటుంటే నేనూ మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు ఎర్రబట్టలు, నేల మీద పడక, నీచు వాసన కూడా తగలకూడదు. ఇంద్రకీలాద్రి మెట్లెక్కి ఇరుముడి సమర్పించి వచ్చాక పరీక్ష చేయిస్తే 6.1. మాత్రలు కూడా వేసుకుంటూనే ఉన్నాననుకోండి. కానీ డాక్టరు మాట వినని నాలుక అమ్మవారి మాట విన్నందుకు మా ఆవిడ నన్ను ఇప్పటికీ దెప్పుతుంది.

మరి మానేశానా అంటే, లేదు. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. నలుగురికి అరకేజీ వేట మాంసం. చిన్నప్పుడు ఊళ్లో ఇంతే ఉండేది. ఏడెనిమిది ఇళ్లు కలిసి ఒక మేకని కోయించి, తాటాకుల మీద వాటాలు వేసుకునేవాళ్లు. కార్జం అందరికీ తలా కాస్త. మా వాటా కేజీ, తినేది తొమ్మిది మందిమి. అమ్మమ్మ గసాలు, కొబ్బరి నూరి పులుసు దండిగా పెట్టేది. రెండు ముక్కలు, ఒక ఎముక పడేవి. నాన్న మూలుగ ఎముకని కంచం అంచుకి టకటకా కొట్టి, లోపలిది నా అన్నం మీద పడేసేవాడు. ఆ చప్పుడు వింటే పక్కింటి పిల్లలు కూడా వచ్చేవాళ్లు. ఇప్పుడు అరకేజీ తెస్తే మా అబ్బాయి మూలుగ ఎముక కోసం పోట్లాడుతున్నాడు. కేజీన్నర తెచ్చిన రోజుల్లో దాన్ని పక్కన పెట్టేసేవాడు.

కాబట్టి మీకు నా సలహా. యూరిక్ యాసిడ్ ఒకసారి చూపించుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకి ఉంటే తప్పకుండా. బొంగులో చికెన్ తినాలనుంటే మారేడుమిల్లి వెళ్లండి. జైలు మండీకి పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి, ఫొటోలు బాగా వస్తాయి. ఏ ఏజెంటైనా కొత్త పక్షి పేరు చెప్పి పొలం దగ్గరకి వస్తే, ఈ మాంసం కిలో ఎవడు కొంటున్నాడో ఒక్క కొట్టు చూపించమనండి. బకెట్ బిర్యానీ అయితే నలుగురు కలిసి తెచ్చుకోండి, ఇద్దరివల్ల కాదు. నేను తెచ్చినదాని రుచి ఇప్పుడు గుర్తు లేదు గానీ, ఆ బకెట్ మాత్రం మా బాల్కనీలో ఉంది. మా ఆవిడ అడుగున రెండు చిల్లులు పెట్టి కరివేపాకు మొక్క వేసింది.